జైలు బయట ఇంకో కోర్టు: రీ-ఎంట్రీ కోర్టులు, సూపర్వైజ్డ్ రిలీజ్‌పై పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) జైలు నుంచి విడుదలైన మనిషి మరికొన్నేళ్లు ప్రొబేషన్ ఆఫీసరు కనుసన్నల్లో బతకాలి. దీన్నే సూపర్వైజ్డ్ రిలీజ్ అంటారు. ఆ కాలంలో కొందరిని రీ-ఎంట్రీ కోర్టులో (జడ్జి తరచూ పిలిచి మాట్లాడి, మళ్లీ నిలదొక్కుకోవడానికి సాయపడే కోర్టు) చేరమంటారు. ఈ విషయమై వచ్చిన ఉత్తరాల్లో నలుగురికీ పనికొచ్చేవి ఎంచి జవాబులిస్తున్నాం. అమెరికా నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ ఫెడరల్ కేసులవే. రాష్ట్రాల పెరోల్ (శిక్ష పూర్తికాకముందే షరతులతో వదలడం) పద్ధతులు వేరు, వాటికి ఈ జవాబులు అన్వయించుకోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు. మత్తుమందుల కేసులో నాలుగేళ్లు ఉండి పోయిన నెల ఇంటికొచ్చాడు. ఇంకా మూడేళ్లు సూపర్వైజ్డ్ రిలీజ్ ఉందట. ఆఫీసరు "స్టార్ కోర్టులో చేరితే ఒక ఏడాది తగ్గుతుంది, నీ ఇష్టం" అన్నదట. మళ్లీ కోర్టు మెట్లెక్కడమంటే మాకు గుండె దడ. చేరమనాలా, వద్దనాలా? (ఒక తల్లి, ఫిలడెల్ఫియా)

అమ్మా, ముందు ఒక అపోహ తొలగించుకోండి. ఈ మూడేళ్లు జైలుశిక్షలో మిగిలిన భాగం కాదు. 1987 నవంబరు 1 తర్వాత జరిగిన నేరాలకు ఫెడరల్ పెరోల్ లేదు. దాని బదులు, జైలు కాలం అయిపోయాక మొదలయ్యే విడి కాలమే సూపర్వైజ్డ్ రిలీజ్. షరతు తప్పితే జడ్జి మళ్లీ జైలుకు పంపొచ్చు. అప్పుడు జ్యూరీ ఉండదు. నేర విచారణలో లాగా సందేహానికి తావులేని రుజువూ అక్కర్లేదు, "తప్పు చేసే ఉంటాడు" అనే వైపు తూకం మొగ్గితే చాలు. మీ భయానికి అసలు కారణం కావాల్సింది ఇది. రీ-ఎంట్రీ కోర్టు కాదు.

ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో స్టార్ అనే ఈ రీ-ఎంట్రీ కోర్టు 2007లో మొదలైంది. ఇద్దరు మేజిస్ట్రేట్ జడ్జీలు దాన్ని ప్రారంభించారు. దీని నమూనా 1989లో మయామీలో పుట్టిన డ్రగ్ కోర్టు (మత్తుకు అలవాటుపడినవారిని జడ్జి పర్యవేక్షణలో చికిత్సకు పంపే కోర్టు). తేడా ఏమిటంటే, డ్రగ్ కోర్టు చాలాచోట్ల శిక్షకు ముందో, శిక్షకు బదులుగానో వస్తుంది. రీ-ఎంట్రీ కోర్టు శిక్ష అనుభవించి వచ్చినవారికి.

అక్కడ జరిగేది ఇది. రెండు వారాలకోసారి సభ్యులందరూ ఒకే కోర్టు హాల్లో కూర్చుంటారు. వాళ్లు రాకముందే జడ్జి, ప్రాసిక్యూటరు, పబ్లిక్ డిఫెండరు (నిందితుల తరఫున ప్రభుత్వం పెట్టే లాయరు), ప్రొబేషన్ ఆఫీసరు ఒకచోట చేరి ఒక్కొక్కరి సంగతీ మాట్లాడుకుంటారు: ఎవరికి ఉద్యోగం పోయింది, ఎవరు కౌన్సెలింగ్ ఎగ్గొట్టారు, ఎవరి పిల్లల కస్టడీ కేసు ఎక్కడ ఆగింది. తర్వాత ఒక్కొక్కరే ముందుకొచ్చి జడ్జితో నేరుగా మాట్లాడాలి. మిగతావాళ్లు వింటుంటారు. వారం సవ్యంగా గడిస్తే లెక్కలో పడుతుంది, తప్పు జరిగితే ఆ వారం పోయినట్టే. అలా 52 వారాలు పోగైతే సూపర్వైజ్డ్ రిలీజ్‌లో ఏడాది వరకు తగ్గిస్తారు. తప్పుకు తగ్గ శిక్ష అక్కడికక్కడే ఉంటుంది: మందలింపు, ఏం జరిగిందో రాసి తెమ్మనడం, సమాజసేవ గంటలు, రాత్రి కర్ఫ్యూ, కొన్ని కోర్టుల్లో కొద్ది రోజుల జైలు. దీనికి ముందే సంతకం తీసుకుంటారు. ఆ ఒప్పందంలో తప్పక చదవాల్సినవి రెండు. మొదటిది, శిక్షగా గరిష్ఠంగా ఎన్ని రోజులు లోపల పెట్టొచ్చు, ఆ సమయంలో లాయరు పక్కన ఉంటాడా. రెండోది, "మొన్న ఒకసారి వాడాను" అని జడ్జి ముందు ఒప్పుకుంటే ఆ మాటను తర్వాత రివొకేషన్‌లో (విడుదల రద్దు చేసి మళ్లీ జైలుకు పంపే విచారణ) వాడుకుంటారా. కొత్త నేరం ఒప్పుకుంటే మాత్రం ఏ ఒప్పందమూ కాపాడదు. సంతకం పెట్టేముందు పబ్లిక్ డిఫెండరుతో ఓ అరగంట కూర్చోమనండి, ఫీజు ఉండదు.

ఇక లెక్క చూద్దాం. రెండో నెలలో చేరితే, ఒక్క వారమూ పోకుండా ఉంటే, పద్నాలుగో నెలకు పూర్తవుతుంది. ముప్పై ఆరు నెలల్లో పన్నెండు పోతే ఇరవై నాలుగో నెలకు బయటపడతాడు. కోర్టులో చేరకపోయినా చట్టం ప్రకారం ఏడాది దాటాక ముందస్తు ముగింపు అడగొచ్చు. అయితే మత్తుమందుల గతం ఉండి, ఉద్యోగం లేనివారికి ఆఫీసరు దానికి సిఫారసు చేయడం అరుదు. అందుకే మా సలహా ఇలా: మీ అబ్బాయికి గట్టి అడ్డంకులు (వ్యసనం, సస్పెండైన డ్రైవింగ్ లైసెన్సు, పాత ట్రాఫిక్ జరిమానాలు, చైల్డ్ సపోర్ట్ బాకీ) ఉంటే చేరమనండి. ఈ చిక్కుముడులు విప్పడమే ఈ కోర్టు నిజంగా బాగా చేసే పని. ఆఫీసరు ఫోనుకు పలకని కార్యాలయం జడ్జి వాకబు చేస్తే పలుకుతుంది. లైసెన్సు, ఉద్యోగం, ఇల్లు అన్నీ కుదురుగా ఉన్నవాడైతే చేరాల్సిన పని లేదు.

ఉద్యోగం విషయంలో ఒక చిన్న మాట. కొత్త యజమాని వెనకాడితే ఫెడరల్ బాండింగ్ ప్రోగ్రామ్ పేరు చెప్పమనండి. కార్మిక శాఖ 1966 నుంచి నడుపుతోంది. ఉద్యోగి దొంగతనం చేస్తే యజమానికి పరిహారమిచ్చే హామీ అది. మొదటి ఆరు నెలలకు 5,000 డాలర్లు, ఇద్దరికీ ఖర్చు లేదు.

ప్రశ్న: నా తమ్ముడికి మూత్ర పరీక్షలో ఓపియేట్ (నల్లమందు జాతి మత్తుమందు) పాజిటివ్ వచ్చింది. వాడు ఏమీ వాడలేదని ఒట్టు వేస్తున్నాడు. ఆ ముందురోజు ఇంట్లో చికెన్ కుర్మా వండాం, గసగసాలు వేశాం. ఇది చెబితే ఆఫీసరు నమ్ముతాడా? (ఒక అక్క, ఎడిసన్)

నమ్మకపోవచ్చు, కానీ మీ తమ్ముడు చెప్పేది నిజమయ్యే అవకాశం మాత్రం గట్టిగా ఉంది. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. కాయ పాలు గింజల పైపొరకు అంటుకుని ఉంటాయి కనుక మార్ఫీన్, కోడీన్ మూత్రంలో కనబడతాయి, కొందరిలో రెండు రోజులు దాటినా. కడిగితే కొంత పోతుంది, వేయిస్తే ఇంకొంత. కానీ ఏ సంచిలో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. అమెరికా ప్రభుత్వం 1998లో ఉద్యోగుల పరీక్షల్లో ఓపియేట్ గీతను (అది దాటితేనే పాజిటివ్ అనే హద్దును) మిల్లీలీటరుకు 300 నుంచి 2,000 నానోగ్రాములకు పెంచింది గసగసాల గొడవ వల్లే. ప్రొబేషన్ పరీక్షలన్నీ ఆ గీతనే పాటించాలని లేదు.

ఇప్పుడు చేయాల్సింది: పాజిటివ్‌ను ఒప్పుకుంటున్నట్టు ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. కప్పులో చేసిన పరీక్ష తొలి వడపోత మాత్రమే. నమూనాను ల్యాబుకు పంపి జీసీ-ఎంఎస్ పద్ధతిలో (ఏ పదార్థమో కచ్చితంగా గుర్తుపట్టే పరీక్ష) నిర్ధారించమని అడగాలి, 6-అసిటైల్‌మార్ఫీన్ చూడమని కూడా అడగాలి. హెరాయిన్ వాడితే అది కనిపించవచ్చు, గసగసాలతో రాదు. అయితే అది ఒంట్లో కొద్ది గంటలే నిలుస్తుంది కాబట్టి, కనబడకపోవడం ఒక్కటే నిర్దోషిత్వాన్ని రుజువు చేయదు. అదేరోజు లాయరుకు చెప్పండి. మసాలా పొట్లం ఉంటే పారేయకండి, పదార్థాల జాబితా ఉన్న వైపు ఫోటో తీసి పెట్టండి.

ఇకముందు ఆ ఇంట్లో గసగసాలు వద్దు. చాలామంది ఆఫీసర్లు మొదటి రోజే "పాపీ సీడ్స్ తినను" అన్న కాగితంపై సంతకం తీసుకుంటారు. ఆ తర్వాత కుర్మా సాకు చెల్లదు. కుర్మాకు చిక్కదనం జీడిపప్పుతోనో, పుచ్చగింజలతోనో, కొబ్బరితోనో వస్తుంది. ఇంట్లో మానేసినా ప్రమాదం పోదు: కూర మసాలా పొడుల్లో, హోటలు కుర్మాల్లో, పెళ్లి భోజనంలో గసగసాలు అడక్కుండానే ఉంటాయి.

ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల పెట్టె ఇంకో గండం. కోడీన్ కలిసిన దగ్గు మందు, ట్రమడాల్, నిద్రమాత్రలు ఎవరో చుట్టం ఇచ్చారని వేసుకుంటే ఇక్కడి డాక్టరు చీటీ లేని నియంత్రిత మందు వాడినట్టే. కొన్ని రాష్ట్రాల్లో గంజాయి చట్టబద్ధమే, ఫెడరల్ పర్యవేక్షణలో ఉన్నవాడికి కాదు. పరీక్షకు ముందు చెంబులకొద్దీ నీళ్లు తాగడమూ మంచిది కాదు. మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే పదార్థం డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తగ్గితే "పలచన నమూనా" అంటారు, చాలా చోట్ల దాన్ని తప్పించుకునే ప్రయత్నంగా చూస్తారు. ఏడాదిలో మూడు కంటే ఎక్కువ పాజిటివ్‌లు వస్తే చట్టం రివొకేషన్ తప్పనిసరి అంటుంది. చికిత్సకు పంపడం మేలనిపిస్తే జడ్జి దానికి మినహాయింపు ఇవ్వగలడు. రీ-ఎంట్రీ కోర్టు ఉన్నచోట అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది: మామూలుగా వారెంటు దాకా పోయే సంగతి అక్కడ చాలాసార్లు డీటాక్స్ (మత్తు వదిలించే చికిత్స) బెడ్ దగ్గర ఆగుతుంది.

ప్రశ్న: మా ఆయనకు హెల్త్‌కేర్ ఫ్రాడ్ కేసులో శిక్ష పడింది. బయటికొచ్చి పదినెలలైంది. ఒక్క పొరపాటూ లేదు. మరి రీ-ఎంట్రీ కోర్టులో ఎందుకు తీసుకోలేదు? మూడేళ్లూ భరించాల్సిందేనా? కట్టాల్సిన నష్టపరిహారం చాలా ఉంది. (పేరు వద్దు, న్యూజెర్సీ)

తీసుకోకపోవడమే మేలు. ఫెడరల్ ఆఫీసర్లు, మళ్లీ నేరం చేసే ప్రమాదాన్ని లెక్కగట్టే పీసీఆర్ఏ అనే అంచనా పట్టికతో ప్రతి ఒక్కరినీ తక్కువ, తక్కువ-మధ్యస్థ, మధ్యస్థ, ఎక్కువ ప్రమాదం అని నాలుగు తరగతులుగా చూస్తారు. రీ-ఎంట్రీ కోర్టులు సాధారణంగా పై తరగతులవారికే. తక్కువ ప్రమాదం ఉన్నవారిని అలాంటి కట్టుదిట్టంలో పెడితే ఉద్యోగాలు దెబ్బతినడం, చిన్న తప్పులు పోగవడం తప్ప లాభం లేదని పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి.

మీ దారి ముందస్తు ముగింపు. ఏడాది పూర్తయిన మర్నాటి నుంచి లాయరు మోషన్ (కోర్టుకు దరఖాస్తు) వేయొచ్చు. ఫెడరల్ న్యాయవ్యవస్థ (కోర్టుల) పాలనా విధానం ప్రకారం 18 నెలలు దాటి, హింస లేని కేసై, షరతులు పాటిస్తూ వచ్చినవారికి ఆఫీసరు అనుకూలంగా ఉండాలన్నది మొదటి భావన. కాబట్టి పన్నెండో నెలలో తొందరపడి వేసి తిరస్కరణ తెచ్చుకోవడం కన్నా, ముందు ఆఫీసరును "మీరు వ్యతిరేకిస్తారా?" అని అడగడం తెలివి. ఆఫీసరు, ప్రాసిక్యూటరు ఇద్దరూ కాదనకపోతే విచారణ లేకుండానే జడ్జి ఆర్డరు ఇవ్వగలడు. మోషన్‌లో "ఏ తప్పూ చేయలేదు" అని మాత్రమే రాస్తే చాలామంది జడ్జీలు కొట్టేస్తారు, అది చేయాల్సిన పనే కదా అంటారు. పర్యవేక్షణ ఉండటం వల్ల ఏ మంచి పని ఆగుతోందో చూపించాలి: రాష్ట్రం దాటి వచ్చిన ఉద్యోగం, లైసెన్సు, ముసలి తల్లిదండ్రుల సంరక్షణ. 2025 నవంబరు 1 నుంచి అమల్లోకొచ్చిన శిక్షా మార్గదర్శకాలు కూడా మనిషిని బట్టి విడిగా చూడాలనే వైపు మొగ్గాయి, ఆ సంగతి లాయరుకు గుర్తుచేయండి.

నష్టపరిహారం బాకీ ఉన్నంత మాత్రాన ముందస్తు ముగింపు ఆగదు. వాయిదాలు తప్పకుండా కడుతున్నారా అన్నదే చూస్తారు. ఇంకోవైపు, పర్యవేక్షణ ముగిసినా బాకీ పోదు. విడుదలైన నాటి నుంచి 20 ఏళ్లు వసూలు చేసే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది.

మన ఇళ్లలో ఎక్కువమంది జారిపడేది నెలవారీ రిపోర్టు దగ్గర. ఆ ఫారం జీతం, కార్లు, బ్యాంకు ఖాతాలతోపాటు 500 డాలర్లు దాటిన ప్రతి ఖర్చూ అడుగుతుంది. అమ్మకు పంపిన డబ్బు, చెల్లి పెళ్లికి కొన్న బంగారం, బావమరిది ఖాతాలో వేసిన చిట్టీ వాయిదా, అన్నీ అందులోకి వస్తాయి. ఉమ్మడి ఖాతాలో మీ జీతం పడుతున్నా ఆయన ఖాతాగానే రాయాలి. పరిహారానికి నెలకు 200 కడుతూ ఇండియాకు 2,000 పంపితే అది దాచినా తప్పే, రాసినా ప్రశ్నే. పంపేముందు ఆఫీసరుతో మాట్లాడండి. ఈ ఫారంలో తెలిసి అబద్ధం రాస్తే అదొక కొత్త ఫెడరల్ నేరం అవుతుంది.

ప్రశ్న: గ్రీన్ కార్డు మీద ఉన్నాను, సూపర్వైజ్డ్ రిలీజ్ ఇంకా ఏడాదిన్నర ఉంది. నాన్నగారు పోయారు. పెద్దకర్మకైనా అందుకోవాలని ఉంది. అనుమతి దొరుకుతుందా? (ఇర్వింగ్, టెక్సస్)

అనుమతి దొరకొచ్చు. తిరిగి రావడం దొరక్కపోవచ్చు. ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవండి, టికెట్టు తర్వాత. మోసం లాంటి నేరాలకు శిక్ష పడిన గ్రీన్ కార్డు మనిషి దేశం దాటి తిరిగొస్తే, విమానాశ్రయంలో కొత్తగా ప్రవేశం కోరుతున్నవాడిగా చూడొచ్చు. నిర్బంధించి తిప్పి పంపే కేసు పెట్టే వీలుంది. పైగా 10,000 డాలర్లకు మించి నష్టం కలిగిన మోసం ఇమిగ్రేషన్ చట్టంలో "అగ్రవేటెడ్ ఫెలనీ", అంటే దేశం నుంచి పంపేయదగ్గ తీవ్ర నేరం. అలాంటి కేసైతే ఇప్పటివరకు ఎవరూ మిమ్మల్ని కదిలించకపోవడమే అదృష్టం, విమానాశ్రయంలో మీరే వెళ్లి ఎదురుపడటం మంచిది కాదు. కర్మ తమ్ముడి చేత జరిపించి మీరు వీడియోలో కూర్చోవడం బాధే, కానీ మీ ఇల్లు ఇక్కడే ఉంటుంది.

పౌరసత్వం ఉన్న పాఠకులకు: విదేశీ ప్రయాణానికి చాలా షరతుల్లో ఆఫీసరు ఒక్కడి మాట చాలదు, జడ్జి ఆర్డరు కావాలి. మరణ ధ్రువపత్రం, రానుపోను తేదీలు, అక్కడుండే చిరునామా, ఫోను, టికెట్టు ఎవరు కొన్నారన్న వివరం లాయరుకు అదేరోజు ఇస్తే అత్యవసర మోషన్ ఒకట్రెండు రోజుల్లో తేలే వీలుంది. పరిహారం వాయిదా బాకీ ఉండగా టికెట్టు మీ డబ్బుతో కొంటే ప్రాసిక్యూటరు మొదటి అభ్యంతరం అదే.

దేశం సంగతి అలా ఉంచి, మీరుండే చోటే ఒక చిక్కుంది. ఇర్వింగ్ టెక్సస్ ఉత్తర ఫెడరల్ జిల్లాలో ఉంది. ఫ్రిస్కో, ప్లేనో తూర్పు జిల్లాలో ఉన్నాయి. ఫ్రిస్కో హనుమంతుడి గుడికి వెళ్లినా మీరు జిల్లా దాటినట్టే. రోజూ ఉద్యోగానికో, వారంవారం గుడికో వెళ్లాలంటే ఒకేసారి శాశ్వత అనుమతి కాగితం అడగండి, చాలామంది ఇస్తారు. అడక్కుండా వెళ్లి ట్రాఫిక్ పోలీసు ఆపితే రెండు తప్పులు: జిల్లా దాటడం, పోలీసు ఎదురుపడిన సంగతి 72 గంటల్లో చెప్పకపోవడం.

ప్రశ్న: అన్నయ్య ఆరు నెలల్లో విడుదలవుతాడు. మా ఇంట్లోనే ఉంటానంటున్నాడు. మేం ఏం సిద్ధం చేయాలి? (అట్లాంటా)

జైల్లో కేస్ మేనేజరుకు మీ చిరునామా ఇప్పుడే ఇవ్వమనండి. శిక్ష పడింది వేరే జిల్లాలో అయితే మీ ఊరి ప్రొబేషన్ ఆఫీసు ఇల్లు చూసి ఒప్పుకోవాలి, దానికి నెలలు పడుతుంది. ఆఖరి వారంలో ఇస్తే హాఫ్‌వే హౌస్ (జైలుకూ ఇంటికీ మధ్య కొన్నాళ్లు ఉంచే వసతి) నుంచి ఎక్కడికో పోవాల్సి వస్తుంది. హాఫ్‌వే హౌస్‌లో ఉన్నన్నాళ్లూ అతను జైలు శాఖ మనిషే, సూపర్వైజ్డ్ రిలీజ్ రోజులు అప్పుడు మొదలుకావు. విడుదలైన 72 గంటల్లోపు ఆఫీసులో కనబడాలి. శుక్రవారం వదిలితే సోమవారం పొద్దున్నే అక్కడుండాలి.

ఇంట్లో తుపాకీ ఉంటే అతను రాకముందే ఇల్లు దాటించండి. అది మీ పేరు మీదున్నా, బీరువాలో తాళం వేసినా, తాళంచెవి అతనికి అందుబాటులో ఉందంటే అతని చేతిలో ఉన్నట్టే లెక్క. ఆఫీసరు చెప్పకుండా రావొచ్చు, ఎదురుగా కనబడ్డ నిషిద్ధ వస్తువు తీసుకుపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, తలుపు తీయడానికి తటపటాయిస్తే ఏదో దాస్తున్నట్టు కనబడుతుంది.

ప్రశ్న: ఈ కోర్టుల వల్ల నిజంగా నేరాలు తగ్గాయా, లేక జడ్జీల సంతృప్తేనా? (న్యాయశాస్త్ర విద్యార్థి, హైదరాబాద్)

ఫలితాలు ఒకే తీరుగా లేవు. 2001లో మొదలైన న్యూయార్క్ హార్లెమ్ పెరోల్ రీ-ఎంట్రీ కోర్టుపై 2010లో వచ్చిన అధ్యయనంలో కొత్త శిక్షలు తగ్గాయి, కానీ షరతుల ఉల్లంఘనకు తిరిగి జైలుకెళ్లినవారు పెరిగారు. ఎక్కువ కళ్లు చూస్తే ఎక్కువ తప్పులు కనబడతాయి మరి. ఫిలడెల్ఫియా స్టార్‌పై 2013 నాటి విశ్లేషణలో దాదాపు తలకిందులు: రివొకేషన్లు తగ్గాయి, కొత్త అరెస్టుల్లో తేడా లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. తొట్రుపాటును కోర్టు ఎలా తీసుకుంటుందన్నదే ఫలితాన్ని మారుస్తోంది. రీ-ఎంట్రీ కోర్టు అన్న పేరు ఒక్కటే ఏమీ హామీ ఇవ్వదు. అందుకే చేరేముందు "పోయిన ఏడాది ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమంది జైలుకెళ్లారు?" అని ఆ కోర్టు పబ్లిక్ డిఫెండరును అడగడం దండగ కాదు.

ప్రశ్న: ఇలాంటిది మన దగ్గర ఉందా? మా మేనల్లుడిపై చిన్న దొంగతనం కేసు, తీర్పు దగ్గరపడింది. (గుంటూరు)

జడ్జి పదిహేను రోజులకోసారి పిలిచి మాట్లాడే పద్ధతి మనకు లేదు. మీకు పనికొచ్చేది 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం. చిన్న దొంగతనానికి పాత శిక్షలు లేకపోతే 3వ సెక్షన్ కింద మందలించి వదలొచ్చు. 4వ సెక్షన్ కింద గరిష్ఠంగా మూడేళ్ల మంచి నడవడి బాండు తీసుకుని వదలొచ్చు, దానికి తోడు ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ పెడితే అది ఏడాదికి తగ్గకూడదు. వయసు 21 లోపైతే 6వ సెక్షన్ ప్రకారం, జైలుకు పంపాలంటే జడ్జి కారణం రాయాలి.

మన కోర్టుల్లో దీన్ని పోగొట్టుకునేది ఎక్కువగా అడక్కపోవడం వల్లే. నేరం రుజువైందని చెప్పాక శిక్షపై ఏం చెప్పుకుంటావని అడిగే ఆ రెండు నిమిషాల్లోనే లాయరు ఈ చట్టం ఎత్తాలి. వయసు రుజువు, చదువు లేదా పని కాగితం, ఇంటి చిరునామా, బాండుకు జామీను నిలబడే మనిషి, ఈ నాలుగూ ఆ రోజు కోర్టులోనే ఉండాలి. జడ్జి ప్రొబేషన్ అధికారి నివేదిక అడిగితే కేసు వాయిదా పడుతుంది, కంగారుపడకండి. అధికారి ఇంటికొచ్చినప్పుడు కుర్రవాడు ఇంట్లో ఉండేలా మాత్రం చూసుకోండి. ఈ చట్టం కింద వదిలితే 12వ సెక్షన్ వల్ల ఆ నేరనిర్ణయానికి చట్టపరంగా అంటుకునే అనర్హత అతనికి అంటదు. అయినా ఉద్యోగ దరఖాస్తులో కేసుల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయాలి, దాచారన్న కారణంతో పోయిన ఉద్యోగాన్ని 12వ సెక్షన్ తెచ్చిపెట్టదు.